గరిటె పట్టిన ఫోటో

ఏ ఫోటో కావాలన్నావ్? గరిటెదా? తెలుసు, అందరూ దాన్నే అడుగుతారు. కూర్చో తల్లీ. ఆ స్టూలు మీద వద్దు, దాని కాళ్లు నా కాళ్లకంటే అన్యాయం. మీ తాతగారి వందేళ్ల సభకి పెద్దది చేయించి గోడకి పెడతారా? బాగుంది. నెగటివ్ నా దగ్గరే ఉంది, ఇస్తాను. ఇవ్వనని కాదు. ముందు ఒక మాట విను.

మీ తాతయ్య, అదే మా పాస్టరు గారు, మంచాయనే. కాకపోతే ప్రార్థన మొదలెడితే వేడన్నం చద్దన్నం కావాల్సిందే. ఏదో పై దేశానికి సువార్త యాత్ర అని బయల్దేరి, నా స్టూడియో మూయించి నన్నూ లాక్కెళ్లాడు. "ఒరేయ్ కెమెరా, ఫోటో లేని సేవని ఎవడు నమ్ముతాడ్రా?" అనేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదులే.

అక్కడ పండగ రోజు, బట్టలు కుట్టుకు బతికే ముసలావిడ ఒకావిడ మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఉన్నది ఒక్క గది. కుట్టుమిషను బయటపెట్టి, తలుపు రెక్క ఊడదీసి, రెండు పెట్టెల మీద పరిచి బల్ల చేసింది. ఆవిడ మాట మాకు రాదు, ఆ ఊరి టీచరు అటూ ఇటూ చెప్పేవాడు. మాంసం కూర, రొట్టెలు. మీ తాతయ్య మూడుసార్లు పెట్టించుకున్నాడు తల్లీ! నాలుగోసారి "వద్దు వద్దు" అంటూనే పళ్లెం ముందుకు జరిపాడు. మేం తిన్నాకే ఆవిడా, ఆవిడ ఇంట్లోవాళ్లూ కూర్చున్నారు. గిన్నె అడుగున ఏం మిగిలిందో నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

అప్పుడు ఆయనకో ఆలోచన వచ్చింది. ముసలావిడ చేతిలో గరిటె లాక్కుని, "కెమెరా, తీయ్!" అన్నాడు. ఆవిడని పళ్లెం చాపమన్నాడు, నవ్వొద్దని టీచరు చేత చెప్పించాడు. పాపం, ఇదేదో మా దేశపు మర్యాద కాబోలనుకుని మొహం ముడుచుకుంది. తీశాను. నేనే తీశాను. మా చర్చి మిషన్ పత్రిక అట్ట మీద వేశారు. కింద "ఆకలిగొన్నవారికి అన్నం పెడుతున్న మన పాస్టరు గారు" అని రాత. ఘనకార్యం కదా, ఇంగ్లీషులో కూడా అచ్చేసి టీచరుకి పంపారు. ఆయన ఆవిడకి చదివి వినిపించాడు.

మరుసటేడు అదే పండగకి వెళ్తే, మళ్లీ ఆవిడే పిలిచింది. మీ తాతయ్య పొద్దున టిఫిను కూడా మానేశాడు. వెళ్లేసరికి ఏముంది? వీధి వీధంతా అక్కడే! నలభై మంది ఖాళీ పళ్లేలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. పొయ్యి వెలిగించిన జాడే లేదు. ఆవిడ గరిటె తెచ్చి ఆయన చేతిలో పెట్టి, తనూ వెళ్లి వరసలో కూర్చుంది. టీచరు నసుగుతూ, "పోయినేడు మాకు మీరే పెట్టారట కదా, ఈ ఏడూ పెట్టమంటోందండీ" అన్నాడు.

నవ్వకు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. గంటలకొద్దీ ప్రార్థన చేసే మనిషి గరిటె వంక చూశాడు, ఖాళీ పళ్లేల వంక చూశాడు. చివరికి అందరి ముందూ, "నేను పెట్టలేదమ్మా. మీరు పెట్టారు, నేను తిన్నాను" అన్నాడు. టీచరు ఆ మాట చెప్పాకే ఆవిడ లేచింది. పక్కింట్లో వండి దాచిన గిన్నెలు మోయించుకొచ్చింది. గరిటె మళ్లీ ఆయనకే ఇచ్చింది. నలభై మందికీ వంగి వంగి వడ్డించి, ఆఖర్న తిన్నాడు. నేను కెమెరా ఎత్తితే చేత్తో దించేశాడు.

ఇంటికొచ్చాక పత్రికలో ఆ రాత దిద్దిద్దామన్నాడు. చర్చి కమిటీవాళ్లు "ఎందుకండీ, పేరొచ్చిన ఫోటో" అన్నారు. ఆయన ఊరుకున్నాడు, నేనూ ఊరుకున్నాను. మంచంపట్టాక చూడ్డానికి వెళ్తే, "దాని కింద రాత మార్పించావుట్రా?" అని అడిగాడు. మార్పించానని అబద్ధం చెప్పాను తల్లీ. నాకు సిగ్గుగా ఉంది.

ఇదిగో నెగటివ్. కింద ఏం రాయాలో చెప్తాను, రాసుకో. "పండగ పూట ఈవిడ ఇంట్లో పాస్టరు గారు భోంచేశారు." అంతే... ఏంటీ? కమిటీ ఒప్పుకోదా?

అయితే ఆ నెగటివ్ ఇలా ఇయ్యి. టీ తాగి వెళ్లు.