సోమవారం బుట్ట

జూరా కొండల్లో చిన్న పూటకూళ్ళ ఇల్లు. వంటింట్లో భార్యాభర్తలు, ముందుగదిలో ప్రయాణికుల నవ్వులు.

“మన పసుపు వైన్ తాగుతూ లొట్టలేస్తున్నారే! పుట్టగొడుగులు ఇంకో ప్లేటు కావాలట.”

“ఏ పుట్టగొడుగులు?” అడిగింది భార్య.

“పొద్దున నేను అడవిలో ఏరుకొచ్చినవి.”

“బుట్ట మందుల షాపావిడకి చూపించావా?”

“ఇవాళ సోమవారం. షాపు మూసేసుంది.”

“విషపువి లేవని ఆవిడ చూసి చెప్పాకే ఊరంతా పొయ్యి మీద పెడతారు. నీకేమైనా కొమ్ములున్నాయా?”

“నలభై ఏళ్ళుగా ఏరుతున్నాను. నాకు తెలీదా?”

“మీ నాన్న కూడా అదే అన్నాడు, చనిపోయిన రోజు.”

“మెల్లిగా! వాళ్ళు వింటారు.”

“సరే, ఇదిగో చెంచా. నా ఎదురుగా ఒక్క ముక్క తిను.”

చెంచా పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది.

“తినవేం?”

“డాక్టరు నంబరెక్కడుంది?”