ఆమెన్ ఎవరిది

ఏం పాపా, ఫోన్లో ఆరాధన మొదలైందా? ఆ మైకు బొమ్మ మీద ఎర్రగీత ఏంటి, మన గొంతు అవతలికి పోకుండానా? తీసెయ్. గోలంటారా? అననీ. నా తమ్ముడొకడు పాస్టరుగా ఉండేవాడు, నీకు ఊహ తెలియకముందే పోయాడులే. ఆ కరోనా జబ్బు రోజుల్లో మందిరానికి తాళం పడితే వాడూ ఇలాగే ఫోన్లో నడిపాడు. ఒకరింట్లో కుక్కరు కూత, ఇంకొకరింట్లో మొగుడూ పెళ్లాల వాదన, ప్రసంగం ఎవడికి వినబడుతుంది? ‘మైకులు కట్టెయ్యండి, మీ ఆమెన్ దేవుడికి వినబడుతుంది’ అనేవాడు. నిజమేగా, దేవుడికి మైకెందుకు? బుద్ధిగా కట్టేసేవాళ్లం. అన్నట్టు, ప్రార్థన చేసి ఆమెన్ మాత్రం వాడు అనడు. మా నాన్న దగ్గర్నుంచి వచ్చిన పట్టు అది. ‘ప్రార్థన నాది, ఆమెన్ సంఘానిది. వాళ్లంటేనే అది అందరిదీ’ అని.

ఇంతలో మా మరదలు, వాడి భార్య, ఆ జబ్బుతోనే పోయింది. సమాధుల తోటకి ఎవర్నీ రానివ్వలేదు. గుంట దగ్గర వాడూ, ఒళ్లంతా ప్లాస్టిక్ తొడుక్కున్న ఇద్దరు పనివాళ్లూ, అంతే. ఫోను రాయికి ఆనించి తనే ప్రార్థన చేశాడు. గొంతు ఒణకలేదు సుమా. ముగించి ఆగాడు. మేమంతా ఆమెన్ అన్నాం. నేనైతే పక్కింటికి వినబడేంత గట్టిగా! వాడికేం వినబడుతుంది, మైకులన్నీ కట్టేసి ఉంటే? మా పెదాలు కదలడం చూస్తూ నిలబడ్డాడు. ‘అయ్యా, మట్టి వెయ్యమంటారా?’ అన్నాడు పనివాడు. ‘ఆగు బాబూ, ఇంకా అవలేదు’ అన్నాడు. ఆ ఒక్క ఆమెనూ తనే అనేస్తే అయిపోను. అనడే! చివరికి ఫోను మీదికి వంగి, ‘తెరవండి, మీ గొంతులు తెరవండి’ అని బావురుమన్నాడు. తెరిచాం. ఒకటి ముందూ ఒకటి వెనకా, తెగిపోతూ, దగ్గులతో, ఎవరిదో చంటిబిడ్డ ఏడుపుతో వచ్చాయమ్మా ఆమెన్లు. అన్నీ వచ్చేదాకా తల వంచుకునే ఉన్నాడు. అప్పుడు తీశాడు పిడికెడు మట్టి.

తర్వాత నన్నడిగాడు, ‘అక్కా, దేవుడు వింటాడని చెప్పింది నేనే. అక్కడ నిలబడితే నాకది చాల్లేదే! అవిశ్వాసమంటావా?’ అని. నాకేం తెలుసు? ‘పైనుంచి వింటే చాలనుకుంటే, ఆయన మనిషి ఒళ్లు తొడుక్కుని కిందికెందుకు దిగాడ్రా?’ అన్నాను. ఆ ఆదివారం నుంచి మైకులన్నీ తెరిపించాడు. ‘సంతలా ఉంది పాస్టరుగారూ’ అని సంఘపెద్ద సణిగితే, ‘సంఘం శరీరమంటిమి కదండీ, శరీరమన్నాక దగ్గదా?’ అన్నాడు.

వాడు పోయినప్పుడు మందిరం నిండా జనం. ప్రార్థన అయ్యింది, అందరూ ఆమెన్ అన్నారు. పెట్టె పక్కనే ఉన్నాను, నా నోటికి మాత్రం రాలేదు పాపా. నేనూ అనేస్తే ఇక అయిపోయినట్టేగా...