బోర్లించిన రొట్టె

లియాన్‌లో ఆదివారం మధ్యాహ్నం. చనిపోయిన కొడుకు భార్య సొలెన్, తను పెళ్లాడబోయే మనిషిని తీసుకొస్తోంది. అత్తగారు చెక్క పళ్లెంలో ఎండు సాసేజ్ ముక్కలు, జున్ను సర్దుతోంది. మామగారు బల్ల మీద రొట్టె పెట్టాడు.

"రొట్టె బోర్లించారేంటండీ? పూర్వం తలలు నరికే తలారికి కదా అలా పెట్టేది!"

"తెలిసే పెట్టాను."

"అతనేమన్నా మనబ్బాయి తల తీశాడా?"

"వాడి కుర్చీలో కూర్చుంటాడుగా."

"నాలుగేళ్లుగా ఖాళీగానే ఉంది. పాపం, ఆ పిల్ల ఎన్నాళ్లని దాన్ని చూస్తూ కూర్చుంటుంది?"

"సరేలే. సాసేజ్ ఇంత మందంగా కోశావేం?"

"చేతి అలవాటండీ. మనబ్బాయికి మందంగా ఉంటేనే ఇష్టం. ఉండండి, పల్చగా కోస్తాను."

బెల్లు మోగింది. ఆమె కత్తి అందుకునేలోగా ముసలాయన రొట్టెను తిన్నగా తిప్పాడు.

"వద్దులే. ఇతనికీ మందంగానే పెట్టు."