గిలక్కాయకు వేసిన రంగు

గేట్లకు రంగులు వేసే అతను పని నుంచి వచ్చేసరికి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. అతని తల్లి ఒళ్లో నాలుగు నెలల కూతురు పడుకొని ఉంది.

"పిల్ల ఏడుపు మానిందేమ్మా?"

"నాలుగో నెలకే పళ్లొస్తుంటే ఏడవక ఏం చేస్తుంది? తడిగుడ్డ నమలమంటే ఊసేసింది. నీ చిన్నప్పటి గిలక్కాయ ఇచ్చా. మూడు రోజులుగా నోట్లోంచి తీస్తే ఒట్టు!"

"గోడకు తగిలిద్దామని నేను ఎర్రరంగేసిందా?"

"అదేరా, గేట్లకేయగా మిగిలిందన్నావుగా. తియ్యగా ఉందేమో, ఒకటే చప్పరించడం."

"అది విషమమ్మా! డబ్బా మూత తీసేటప్పుడే మేం మూతికి గుడ్డ కట్టుకుంటాం."

"నాకేం తెలుసు నాయనా? ఇవాళ పాలకు కూడా లేవలేదు, బంగారుతల్లి."

అతను గిలక్కాయను వెలుగులో తిప్పి చూశాడు. ఎరుపు చుక్కైనా లేదు, తెల్లటి కర్ర.

"దీన్ని కడిగావా అమ్మా?"

"లేదురా."

"పిల్లనిలా ఇయ్యి. చెప్పులేసుకో."