తుడిచేయాలి అన్న మాట

2004. న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో, పార్లమెంటులో, కమిటీ గది బయట, తన అర్జీ గురించి చెప్పడానికి పిలుపు కోసం కూర్చున్న ఒక తెలుగావిడ దగ్గరికి వినియోగదారుల వివరాల చట్టం ముసాయిదా రాస్తున్న తెలుగు అధికారి వచ్చాడు.

"మీ అర్జీ చదివే ఈ క్లాజ్ రాశానమ్మా. కస్టమర్ అడిగితే షాపువాళ్ళు వివరాలన్నీ తుడిచేయాలి. కారణం మాత్రం మీరు రాయలేదు."

"బొమ్మల షాపు నుంచి ఏటా మా బాబు అభినయ్‌కి పుట్టినరోజు కార్డు వస్తుందండీ. పుట్టిన రోజే అక్కడ వాడి పేరు రాయించాం. వాడు తొమ్మిది రోజులే బతికాడు. ఉంటే ఈ నెలకి నాలుగేళ్ళు."



"ఇకమీదట రాదమ్మా."

"తుడిచేస్తే వాడి పేరు కూడా పోతుందాండీ?"

"పూర్తిగా పోతుంది."

"ఇంట్లో వాడి పేరు ఎవరూ ఎత్తరు. వాడి పుట్టినరోజు గుర్తుంచుకునేది ఆ షాపొక్కటే. కార్డు ఆపి, పేరు ఉంచమని రాయలేరా?"

అతను ముసాయిదాలో ఆ క్లాజ్ మీద వేలు పెట్టాడు.

"ఎవరూ చూడని పేరు ఉంచుకోమని చట్టంలో రాయలేనమ్మా. కానీ అడిగితేనే తుడుస్తారు. మీరు అడక్కండి."

"అడక్కపోతే కార్డు వస్తుందిగా."

"వస్తుంది."

లోపలి నుంచి పిలిచారు. ఆమె లేచింది.

"మిగతా తల్లుల కోసం 'తుడిచేయాలి' అన్న మాట ఉంచమనే లోపల చెప్తానండీ. మా ఇంటికి మాత్రం కార్డు రానివ్వండి."