ఫస్టియరోళ్లు బాయి చూడాలెనట

లేదు సారూ, నాకు నచ్చలె. ఎన్ని తీర్ల చెప్పినా నచ్చలె. లెక్కలు చదివేటోనికి లెక్కలు చెప్పున్రి, చరిత్ర చదివేటోనికి చరిత్ర చెప్పున్రి. గీ అందరికీ ఒకటే పాఠమేంది? ఎన్నడన్న విన్నమా?

కూసోన్రి, లేవకున్రి. మీ మీద కోపంతోని అంటలేను. మొదటి షిఫ్టు చేసి వచ్చిన, తానం చేసిన, ఇంకా నాలుగు మెతుకులు నోట్లె పెట్టలె. గందుకే మాట జర్ర గరం ఉన్నది. సువార్తా, సారుకు చాయ పెట్టు. మా ఆమె సారూ. మీరు గడప తొక్కంగనే, కాలేజీ సారు మా క్వార్టర్‌కు వచ్చిండని పక్కింటోళ్లకు చెప్పి వచ్చింది.

నాకేమో గదే అనుమానం. కాలేజీ సారు బొగ్గు నింపేటోని క్వార్టర్‌కు ఎందుకొస్తడు? ఊరకరారు మహానుభావులని ఊకె అన్నరా. మీ కాడ చదివే మా కొడుకు తీతుగాడు ఏదన్న తప్పు చేసిండేమో అనుకున్న. చేస్తే నాలుగు తగిలియ్యున్రి అని చెప్పనీకి తయారయి కూసున్న. మీరేమో పోరని ముచ్చటే ఎత్తలె. ఫస్టియరుకు కొత్త పాఠాలు కూరుస్తున్నం, నీ సాయం కావాలె తోమాసూ అంటున్రు.

సరే, నాకు సమజైంది చెప్త, తప్పుంటే చెప్పున్రి. యూనివర్సిటోళ్లు ఒక హుకుం పంపిన్రు. ఫస్టియరు పిల్లలు, సైన్సోళ్లు గానీ ఆర్ట్సోళ్లు గానీ, అందరు ఒక్కతాన కూసోని ఒక పేపరు చదవాలె. జనరల్ ఎడ్యుకేషన్. దాంట్ల ఆరోగ్యం ముచ్చటుంటది, దేశం ముచ్చటుంటది, సైన్సు కొద్దిగుంటది. గంతదాక మంచిదే. ఒక్క పాఠం మాత్రం ఏ కాలేజీకి ఆ కాలేజీ సొంతంగ కూర్చుకోవాలె. మీరు బాయి పని అని పెట్టిన్రు. పిల్లలను బొగ్గు బాయిల దింపి చూపెట్టాలె. ఆడ నిలవడి చూపెట్టేటోన్ని నేను.

గంతే కదా? ఆఁ. గాడనే నాకు ముల్లు గుచ్చుకుంటున్నది.

ఎవరు చెప్పిన్రు మీకిది? మేనేజరా? కాదంటున్రు. యూనియనోళ్లా? వాళ్లూ కాదు. మరి మీ అంతట మీకే తట్టిందా? అడగంది అమ్మయినా పెట్టదంటరు సారూ. మేం అడగకముందే మీరు ఇంటికొచ్చి పెడుతున్రు. నాకు ఎట్ల నమ్మబుద్ధయితది?

పట్నంల కూడ గీ పేపరున్నది కదా. ఆడి పిల్లలకు ఏం చెప్తరు? బొమ్మలు, సంగీతం, పెద్దపెద్దోళ్ల కతలు. మరి మా పిల్లలకు బాయి ఎందుకు? మా పోరగాళ్లు సైరను ఇనుకుంట పెరిగిన్రు. వాళ్ల తువ్వాలల బొగ్గే, పప్పుగిన్నె మూత మీద బొగ్గే. డాక్టరు కొడుకుకు దవాఖాన చూపెడుతరా? వకీలు కొడుకుకు కచేరి చూపెడుతరా? మావోనికే వాళ్ల నాయిన బాయిని చూపెడుతరంటే, దాని మతలబేంది?

నవ్వకున్రి. పిలిచి పిల్లనిస్తమంటే కులం తక్కువన్నట్టు మాట్లాడుతున్నడు అనుకుంటున్రు కావొచ్చు. మొన్నటి తెలంగాణ గొడవలల్ల కాలేజీలు బందయి మావోనికి ఒక ఏడాది మన్నుల కలిసింది. పోయిన ఏడాదిని ఎవ్వరు తెచ్చియ్యలె. గందుకే కొత్తగ ఎవ్వలేం చెప్పినా నాకు భయమే.

మా తావుల సంగతి మీకు తెల్వదు సారూ. మీరు వచ్చింది మొన్ననాయె. బాయిల దిగాలంటే ముందుగాల గేటు కాడ పేరు రాసుకుంటరు. ఒక ఇత్తడి బిళ్ల ఇస్తరు, దీపమిస్తరు. చుట్టమయినా, పెద్ద దొరయినా గంతే. లోపల ఏదన్నయితే ఎవ్వలున్నరో తెల్వాలె కదా. మంచిదే. కానీ మా దిక్కు ఒక మాటున్నది. బాయి కాడ పేరెక్కినోడు మళ్ల బయటి పనికి పోడు.

మూఢనమ్మకమంటరా? మా పక్క క్వార్టర్ బుచ్చన్నను అడుగున్రి. జైపూర్ దిక్కు ఎవుసం చేసుకునేటోడు. ఆయన బావ ఈడ బాయిల చేసేటోడు. బావను చూసిపోదామని వచ్చి, బాయి ఎట్లుంటదో గది కూడ చూస్తనన్నడు. గప్పుడు పనికి మనుషులు దొరుకని కాలం. చూడపోయిన్నాడే పేరు రాసుకున్నరు, చేతిల తట్ట, చెమ్మసు పార పెట్టి బొగ్గెత్తమన్నరు. చూడపోయినోడు ఇయ్యాల్టిదాక చూస్తనే ఉన్నడు. ఊర్ల ఆయన ఎడ్లను వాళ్ల తమ్ముడు అమ్ముకున్నడు.

రేపు నా నడుము ఇరిగిందనుకోన్రి. దవాఖానోళ్లు నన్ను పనికి రాడని రాస్తరు. నా జాగల పెట్టుకోనీకి కొడుకున్నడా అని అడుగుతరు. ఉన్నడు. బాయి ఎరుకేనా? ఎరుకే, కాలేజీలనే నేర్పిన్రు. ఇగనేం, రమ్మను. గంతే సారూ, చదువు ఆడికే ఆగుతది. మీ పాఠం గా పనికి వస్తది. మీరు తెలిసి చేస్తున్రో తెల్వక చేస్తున్రో నాకెరుక లేదు.

చాయ తాగున్రి, సల్లారిపోతున్నది.

అట్లనా? చూడవచ్చినోళ్ల పేర్లు వేరే రాస్తరా. నౌకరీకి దానికి సంబంధమే లేదా. మీ ప్రిన్సిపాల్ సారు బాయి ఆఫీసుకు పోయి అడిగి వచ్చిండా. కానియ్యున్రి, గట్లనే అనుకుందాం. అయినా వద్దు. వేరే పాఠం పెట్టున్రి. పక్కపొంటె గోదావరున్నది. నీళ్లు ఏడికెల్లి వస్తయి, ఏడికి పోతయి, గది చెప్పున్రి. రామగుండంల కరెంటు తయారు చేసే కాడికి తీస్కపోన్రి. తెల్ల అంగీలతోని పోయి తెల్ల అంగీలతోనే వస్తరు.

లేకుంటే మా రాయమల్లును అడుగున్రి. నాతోని కలిసి బొగ్గు నింపేటోడే. నేనే ఎందుకు? నాకు మాట మంచిగొస్తదని విన్నరా. ఆఁ, చర్చిల నేను సంఘపెద్దను. ప్రార్థన చేస్త, పాస్టరు ఊరికి పోయిన్నాడు వాక్యం చెప్త. చర్చిల చెప్పుడు వేరే సారూ. బాయిల ఎవ్వడింటడు నా మాట?

ఏందీ?

మళ్లొకపారి చెప్పున్రి.

తీతు చెప్పిండా. మా తీతుగాడేనా?

ఏమేం నేర్చుకోవాలనున్నదని క్లాసుల అందరిని అడిగిన్రు మీరు. ఒకడు ఇంగ్లీషు మాట్లాడుడు అన్నడు, ఒకడు ఫొటోలు తీసుడు అన్నడు. మావోడు లేచి నిలవడి, మా నాయిన పని చేసేటిది చూడాలెనన్నడు. అందరి ముంగట అన్నడు.

నాతోని ఒక్క మాటనలె సారూ. నేను డ్యూటీకి పోయేటప్పుడు వాడు నిద్రల ఉంటడు. నేను వచ్చి పండుకున్నప్పుడు వాడు పుస్తకం ముంగట ఉంటడు. గింత మాట కడుపుల పెట్టుకొని తిరుగుతున్నడా వాడు.

సువార్తా, నువ్వు జర్ర పక్కింటికి పో. ఏం లేదు, ఊకెనే పో.

సారూ, ఇప్పుడు చెప్పేటిది ఈ అర్ర దాటొద్దు. మీరు ఎవ్వరికి చెప్పనంటరు, సరే. నాకు మాత్రం అనుమానమే, ఏం చేస్త, పుట్టుక గట్లున్నది.

ఇంట్ల నేను పెద్దమనిషిని. చర్చిల తోమాసన్న లేచి కండ్లు మూసుకుంటే సంఘమంత తలకాయ వంచుతది. మావోడు చిన్నప్పటిసంది గా తోమాసునే చూసిండు. లోపల ఇంకో తోమాసున్నడు. ఆడ మా పని చూసే ఓవర్‌మెన్ ఒకడున్నడు. మీసాలు ఇప్పుడిప్పుడే మందమయితున్నయి. గా పిలగాడు నన్ను పేరు పెట్టి పిలువడు. బొగ్గు మోసే టబ్బు బండి నింపుడు జర్ర ఆలస్యమయితె చాలు, దీపం నా మొఖం మీదికి కొట్టి మా అమ్మను ఎత్తి ఒక మాటంటడు. ఆ మాట నేను చెప్పలేను, ఈ నోటితోనే వాక్యం చదువుత.

మరి నేనేమంటననుకున్నరు? జీ సాబ్ అంట. నవ్వుత కూడ. నవ్వకుంటే నీళ్లు నిలిచిన జాగల పని చూపెడుతడు. ఆడ ఎంత ఎత్తినా టబ్బు నిండది. రాయమల్లు నవ్వుతడు, బుచ్చన్న నవ్వుతడు, అందరం నవ్వుతం. చీకట్ల అందరి మొఖాలు నల్లగనే ఉంటయి, ఎవ్వని ఇజ్జత్ పోయినా ఎవ్వనికి కనవడది. పైకొచ్చి తానం చేస్తే పోతది. కొడుకు చూస్తే ఏ సబ్బుకు పోతది సారూ?

గిదీ అసలు సంగతి. బుచ్చన్న కత అబద్ధం కాదు. కానీ ఇందాకటిసంది దాన్ని అడ్డం పెట్టుకొని మాట్లాడిన.

మీరు తలకాయ వంచుకున్నరేంది? వంచకున్రి. మీకు కూడ ఎవ్వడో ఒకడు పైన ఉండకపోడు.

వద్దంటే ఏమయితది? మీ నాయిన వద్దన్నడని మీరు చెప్తరు. వాడు ఎందుకని అడగడు. లోపల లోపల అనుమానపడుతడు, నా కొడుకే కదా. రాయమల్లుతోని పంపిద్దామన్నా జాగ గదే, ఓవర్‌మెన్ గాడే. కుడితిల పడ్డ ఎలుక తీరయింది నా పని.

ఒక పని చెయ్యున్రి సారూ. ఆదివారం పెట్టున్రి. ఆదివారం బొగ్గు తియ్యరు. పంపులు నడిపేటోళ్లు, రిపేరోళ్లు, గంతే ఉంటరు. ఓవర్‌మెన్ పెండ్లాం పిల్లలను తీస్కొని సినిమాకు పోతడు. పిల్లల వెంట, పైకప్పు గట్టిగున్నదా అని చూసే సర్దారు ఒకలు ఉండాలంటరు కదా, కొమురెల్లిని అడుగున్రి. మంచి మనిషి, నన్ను అన్నా అనే పిలుస్తడు.

ఆరాధనా? నిజమే, సంఘపెద్దనయినకాడికెల్లి ఒక్క ఆదివారం ఇడువలె. ఒళ్లు కాలుతున్నా పోయిన. పాస్టరు అడుగుతడు, ఏదో ఒకటి చెప్త. దేవునికి చెప్పే పనిలేదు, లోపలి ముచ్చట ఆయనకు ఎరుకనే.

మీ పిల్లలకు నేనే చూపెడుత. పైకప్పును కట్టెతోని కొట్టి, సప్పుడు ఎట్లుంటే నిలవడాలె, ఎట్లుంటే ఉరకాలె, అన్ని చెప్త. గట్టిగ చెప్త, చర్చిల చెప్పినట్టు. మధ్యల ఎవ్వడు నోరెత్తడు. మావోడు వెనుక నిలవడి ఇంటడు. మా నాయిన ఈడ కూడ పెద్దమనిషే అనుకుంటడు.

అనుకోని. పరీక్షల మీరు అడిగితే గదే రాస్తడు. మార్కులు కోయకున్రి సారూ.