వడివేలు కొత్త మోకాలు

"నేను గొప్పలు చెప్పేవాణ్ణి కాదు మాదేశూ, జరిగింది చెప్తా, అంతే."

మొరప్పూర్ స్టేషన్ ఎదురుగా మాదేశ్ టీ కొట్టులో వడివేలు మొదలుపెట్టినాడు. బెంచీ మీద నలుగురు. చివర్లో, సేలం బస్సు కోసం కూర్చున్న పెరియంపట్టి మాదమ్మ.

"ముప్పై ఏండ్ల మేస్త్రీ పనికి మోకాళ్లు అరిగిపోయినాయి గదా. సేలం డాక్టరు, కొత్తరకం మోకాలు వచ్చింది, కొంతమందికి పెట్టి ఎట్ల పనిచేస్తుందో, ఏమన్నా చెరుపు చేస్తుందో రెండేండ్లు చూస్తాము, నీకు సమ్మతమా అన్నాడు. సంతకం పెట్టినాను. మూడోనాడే కర్ర లేకుండా నడిచినాను."

"మూడోనాడేనా!" అన్నాడు మాదేశ్.

"ఇంకా విను. నడిపించే మిషనెక్కించి అరగంట అన్నారు, నేను పొద్దుగూకేదాకా దిగలేదు, కడాకు మిషనే పొగలు కక్కి ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బరువు మోస్తుందా చూడాలన్నారు. రెండు సిమెంటు మూటలేసుకోని తీర్థమలై కొండ ఎక్కినాను, సగం దావలో డాక్టరుకు ఆయాసమొస్తే ఆయన్నీ ఎత్తుకున్నాను, భుజం మీదనే కూర్చోని నాకు బీపీ చూసినాడు."

"ఎంతుండె?"

"నాది సరిగ్గానే ఉండె, ఆయనదే ఎక్కువ. అంతటితో విడిచిరా? వేగం చూడాలన్నారు. ఇదే స్టేషన్లో జోలార్‌పేట రైలు కదిలింది, పక్కనే పరుగెత్తినాను, సామల్పట్టి స్టేషన్ దాటి తిరిగి చూస్తే రైలే లేదు! జోలార్‌పేటలో నేను రెండు టీలు తాగినాక వచ్చింది. డ్రైవరు దిగి నా మోకాలికి దండం పెట్టినాడు."

అందరూ నవ్వినారు. మాదమ్మ నవ్వలేదు.

"ఏ కాలు తమ్ముడూ?"

వడివేలు రెండు కాళ్లూ చూసుకున్నాడు. "ఎడమది... కాదు, కుడిది."

"సేలం ఆసుపత్రిలో నీ పక్క మంచం నాదే. నువ్వు దుప్పటి ముసుగు తీయలేదు, నన్నెక్కడ చూస్తావు? తెల్లారి ఆపరేషనుకు పిలవను వస్తే మంచం ఖాళీ. ఆసుపత్రి గౌనుతోనే బస్సెక్కినావంట."

వడివేలు టీ గ్లాసు కింద పెట్టినాడు.

"భయమేసిందక్కా," అన్నాడు వడివేలు. "కోసినాక మళ్లీ లేవలేకపోతే?"

"నాకూ వేసింది. ఆ కొత్త మోకాలు పెట్టి ఆరు నెల్లయింది. మొదటి నెల నొప్పికి ఏడ్చినాను. ఇప్పుడు ఎవరి చెయ్యీ పట్టకుండా బస్సెక్కుతున్నాను, అంతే. ఈ దినం చూపించుకోను పోతున్నా. డాక్టరు నీ గురించి అడిగినాడు. ఆ కొత్తరకం వద్దంటే మామూలుదే పెడతాడంట."

బస్సు వచ్చింది. మాదమ్మ మెల్లగా ఒక్కో మెట్టే ఎక్కి, పై మెట్టు మీద నిలబడి, "ఒక్క నిమిషం ఆపండి," అంది కండక్టరుతో.

వడివేలు మాదేశ్ చెయ్యి పట్టుకోని లేచి, బస్సు దిక్కు అడుగేసినాడు.